ఆ కొటేషన్‌లో మైకు లేదు

పోయిన నెల మా మేనల్లుడు గుంటూరు నుంచి వాట్సాప్‌లో ఒక కాగితం ఫొటో పంపాడు. కింద ఒక్కటే ముక్క: "మావయ్యా, ఓకేనా?"

ఇంట్లో రికార్డింగ్ పెట్టుకుంటానని రెండేళ్ళుగా అంటున్నాడు. కీబోర్డు బాగా వాయిస్తాడు. కార్తీకం వస్తే అయ్యప్ప భజనలకీ, డిసెంబర్ వస్తే క్రిస్మస్ పాటలకీ వాడికి తీరికుండదు. ఎన్నికలొస్తే ఇక చెప్పనే అక్కర్లేదు, పొద్దున ఒక పార్టీకి, సాయంత్రం ఇంకో పార్టీకి. ఆ కాగితం ఏదో షాపువాళ్ళు రాసిచ్చిన కొటేషన్. ఐ7-14700కె ప్రాసెసర్, 32 జీబీ ర్యాం, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, నీళ్ళతో చల్లబరిచే కూలర్, అద్దాల క్యాబినెట్, అందులో రంగురంగుల లైట్లతో తిరిగే ఆరు ఫ్యాన్లు. మొత్తం రూ. 1,42,000. పైన "స్టూడియో సిస్టమ్" అని రాసి కింద రెండు గీతలు కూడా కొట్టారు.

రెండుసార్లు చదివాను. అందులో మైకు లేదు. మైకును కంప్యూటర్‌కు తగిలించే ఆడియో ఇంటర్‌ఫేస్ లేదు. హెడ్‌ఫోన్స్ లేవు. ఫోన్ చేసి అడిగితే, "అవి తర్వాత చూద్దాంలే మావయ్యా, ముందు సిస్టమ్ గట్టిగా ఉండాలి కదా" అన్నాడు.

ఆ మాట దగ్గరే నా గొడవంతా. పాతికేళ్ళ కిందట నేనూ అదే అనేవాణ్ణి, అప్పుడది నిజం కూడా. ఇవాళ ఇంట్లో కూర్చుని గొంతూ, హార్మోనియమూ, తబలా, ఓ కీబోర్డూ రికార్డు చేసుకునేవాడు కొనాల్సినవాటిలో కంప్యూటర్ చిట్టచివరిది. అదీ ఏదో ఆఫీసు వాడి వదిలేసిన పాతదైతే మరీ మంచిది. ఈ మాట అనగానే వాడు, "నువ్వు పిసినారివి మావయ్యా" అన్నాడు. పిసినారినే, కాదనను. కానీ కారణాలు వేరే ఉన్నాయి.

2019లో నేను ఒక పల్చటి ల్యాప్‌టాప్ కొన్నాను, రూ. 62,000. ఏ కంపెనీదో ఎందుకు లెండి. చూడ్డానికి ముచ్చటగా ఉండేది, పని కూడా చురుగ్గానే చేసేది. ఆ మే నెలలో తెనాలి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. పద్యనాటకాల్లో నలభై ఏళ్ళు కృష్ణుడి వేషం కట్టిన మనిషి. మనవరాలు పోరగా పోరగా ఓ పది పద్యాలు పాడి దాచుకుందామని ఒప్పుకున్నారు. ఏసీ మోత మైకులో పడుతుందని ఆపేశాం. కిటికీలు బిగించాం. సీలింగ్ ఫ్యాను కూడా బంద్. బెజవాడ మే నెల అంటే తెలిసిందే, దీన్ని బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు. మూడు పద్యాలు బాగా వచ్చాయి. నాలుగోది మోహనలో ఎత్తుకున్నారు. పద్యం అయిపోయింది, చివర రాగం తీయడం మొదలుపెట్టారు. హార్మోనియం ఆయన చెయ్యి ఆపి చూస్తున్నాడు, అంత బాగుంది. సరిగ్గా అప్పుడు ల్యాప్‌టాప్ ఫ్యాను విమానం లేచినట్టు లేచింది. తెర మీద ఎర్ర అక్షరాలు. నా హెడ్‌ఫోన్స్‌లో చిటపటలు, ఆ తర్వాత ఏమీ లేదు. ఆయన కళ్ళు మూసుకుని ఇంకా పాడుతూనే ఉన్నారు.

కళ్ళు తెరిచాక చెప్పక తప్పలేదు. "మళ్ళీ ఒక్కసారి, మాస్టారూ."

"పద్యమంటే పాడతాను నాయనా. ఆ రాగం నేను తెచ్చింది కాదుగా, దానంతటది వచ్చింది. మళ్ళీ వస్తుందో రాదో."

రాలేదు. ఇంకో మూడుసార్లు పాడారు, ప్రతిసారీ శుద్ధంగానే పాడారు. అది మాత్రం రాలేదు.

ఆ ల్యాప్‌టాప్ వేగానికేం తక్కువ లేదు. చిప్పు మరీ వేడెక్కితే కాలిపోకుండా తన వేగం తనే తగ్గించుకుంటుంది. పల్చటి ఒంట్లో వేడి పోవడానికి దారి లేదు. షోరూం ఏసీలో అది గుర్రం, మా గదిలో మే నెలలో గాడిద. కంప్యూటర్ ఎంత వేగంగా పరుగెత్తగలదు అన్నది షాపువాడి ప్రశ్న. మన ఊళ్ళో, ఏసీ ఆపిన గదిలో, మూడు గంటలపాటు ఒకే తీరున, చప్పుడు లేకుండా నడవగలదా అన్నది పాడేవాడి ప్రశ్న. ఆ రెండో ప్రశ్న మా వాడి కొటేషన్‌లో ఎక్కడా లేదు.

అసలు రికార్డింగ్ అంటే కంప్యూటర్ మీద ఎంత బరువు పడుతుందో ఒకసారి లెక్క వేసి చూడండి. ఒక గొంతును సెకనుకు 48,000 శాంపిళ్ళుగా, అంటే చిన్నచిన్న శబ్దపు ముక్కలుగా, ఒక్కోటి 24 బిట్లు, అంటే మూడు బైట్ల లెక్కన రికార్డు చేస్తే సెకనుకు వచ్చేది 1,44,000 బైట్లు. నిమిషానికి 8.64 ఎంబీ. ఐదు నిమిషాల పాటకు 43 ఎంబీ, అంతే. పదహారు మైకులు ఒకేసారి పెట్టినా సెకనుకు 2.3 ఎంబీ దాటదు. పాటలు దాచుకునే మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ డిస్కు సెకనుకు 500 ఎంబీ దాకా రాయగలదు. బిందెడు నీళ్ళ కోసం ప్రకాశం బ్యారేజీ గేట్లెత్తినట్టు. పైగా మా ఇంట్లో పదహారు మైకులెక్కడివి, ఉన్నవి రెండు. అందులో ఒకదానికి స్టాండు సరిగ్గా నిలబడదు.

"రికార్డింగ్ సరే మావయ్యా, మిక్సింగ్ సంగతి?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. ఈక్యూలు, కంప్రెసర్లు, రివర్బ్‌లు అని శబ్దానికి మెరుగులు దిద్దే ప్లగిన్లు ఉంటాయి, అవి ట్రాకుకు నాలుగు చొప్పున వేస్తే ప్రాసెసర్‌కు పని పడుతుంది. అయితే ఆ లెక్కలు చేసేది దాదాపు అంతా ప్రాసెసరే; గ్రాఫిక్స్ కార్డు చేసేదేమీ ఉండదు. పని చెయ్యకపోగా విస్తరి ముందు మాత్రం అందరికంటే ముందు కూర్చునే బంధువు లాంటిది అది. ఆ 4060 కార్డు ఒక్కటే 115 వాట్ల దాకా తీసుకుంటుంది. ఒక్కోసారి దాన్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రామే అడ్డం పడి ఆడియోలో పటక్ మనిపిస్తుంది కూడా. ఇక ఆ ప్రాసెసర్‌లో లెక్కలు చేసే ఇరవై కోర్ల సంగతి. ఒక ట్రాక్ మీద ఈక్యూ పని అయ్యాకే కంప్రెసర్‌కు అందుతుంది, కంప్రెసర్ అయ్యాకే రివర్బ్‌కు. ఒకదాని వెనక ఒకటి, ఒకే కోరు మీద. ఇరుకు సందులో బండికి ఎన్ని ఎద్దులు కట్టినా ముందు ఎద్దు నడకే బండి నడక.

వేడి సంగతి మళ్ళీ ఎత్తక తప్పదు. ఆ 14700కె మామూలు అంకె 125 వాట్లు, దంచి కొట్టేటప్పుడు 253 వాట్ల దాకా పోతుంది. మూసేసిన గదిలో 250 వాట్లంటే పాతకాలపు అరవై క్యాండిల్ బల్బులు నాలుగు పక్కన వెలిగించుకుని పాడమన్నట్టు. "రికార్డు చేసేటప్పుడు అంత తాగదులే" అన్నాడు మా వాడు. నిజమే, తాగదు. తాగనప్పుడు దానికి అంత డబ్బెందుకు? ఈ ప్రశ్నకు ఫోన్‌లో కాసేపు నిశ్శబ్దం.

ఇప్పుడు నా దగ్గరున్నది ఏమిటో చెప్తాను. అది కొనాల్సిన అవసరం ఎలా వచ్చిందో కూడా చెప్పాలి.

మాది విజయవాడ అజిత్‌సింగ్ నగర్. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం, బుడమేరు మా వీధిలోకి వచ్చింది. పొద్దున గుమ్మం దగ్గరున్న నీళ్ళు మధ్యాహ్నానికి నడుం దాటాయి. మేడ మీద వాటావాళ్ళ ఇంట్లోకి ఎక్కేశాం. ముందుగదిలో బల్ల కింద సిస్టమ్ ఉందన్న సంగతి ఆ కంగారులో ఎవరికి గుర్తుంటుంది? రోజుల తర్వాత కిందికి దిగి చూస్తే క్యాబినెట్ నిండా మెత్తటి బురద. ఆ ల్యాప్‌టాప్ మీద కోపంతో 2021లో రూ. 85,000 పోసి అసెంబుల్ చేయించిన సిస్టమ్ అది. మిగిలిందల్లా ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు. అదీ నా ముందుచూపేం కాదు. బల్ల మీద అడ్డంగా పడుందని మా ఆవిడ తీసి బీరువా పైఅరలో పట్టుచీరల పక్కన పెట్టింది. తొమ్మిదేళ్ళ పాటలు ఆ చీరల పుణ్యాన బతికాయి. తెనాలి మాస్టారి పద్యాలు కూడా.

బురద కడుగుతూ కూర్చుంటే బాధేసింది 85,000 గురించే. డిస్కు తీసుకెళ్ళి స్నేహితుడి కంప్యూటర్‌కు తగిలించి, మాస్టారి గొంతు వినపడ్డాక ఆ బాధ సగం పోయింది. ఆ మాత్రం దానికి ఆ డబ్బాలో అంత ఎందుకు పోశానా అనిపించింది. నేల మీద, కరెంటు తీగకు తగిలి, దుమ్ములో, ఎండలో, వానలో బతికే వస్తువు. నాలుగైదేళ్ళకు ఎలాగూ మార్చాలి.

అక్టోబర్‌లో గవర్నర్‌పేటలో సెకండ్‌హ్యాండ్ సిస్టమ్స్ అమ్మేచోట ఒకటి తెచ్చుకున్నాను. డెల్ ఆప్టిప్లెక్స్, ఐ5-8500, 16 జీబీ ర్యాం, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. రూ. 17,500. పాటల కోసం ఇంకో 1 టీబీ ఎస్‌ఎస్‌డీ విడిగా వేయించాను. ఇవి పెద్ద కంపెనీలు లీజుకు తీసుకుని మూడు నాలుగేళ్ళు వాడి మార్చేసే డబ్బాలు. ఆఫీసులో పొద్దస్తమానం ఆగకుండా నడవడానికి కట్టినవి కాబట్టి అందం లేదు కానీ ఓర్పు ఉంటుంది. వీటి అన్నదమ్ములే లెనోవో థింక్‌సెంటర్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్. ఏది దొరికితే అది.

అయితే సెకండ్‌హ్యాండ్ బజారులో "ఐ5 సార్" అన్న మాటకు అర్థం లేదు. అంకె చూడాలి. ఐ5-4570 అంటే నాలుగో తరం, 2013 నాటిది. ఐ5-8500 అంటే ఎనిమిదో తరం, 2018 నాటిది. దానికి ఆరు కోర్లు. గీత తర్వాత వచ్చే మొదటి అంకే తరం. పదో తరం నుంచి రెండంకెలు. ఎనిమిదో తరం కంటే పాతది వద్దని ఎందుకంటానంటే, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, విండోస్ 11కు వాళ్ళు ఒప్పుకునే ఇంటెల్ చిప్పులు దాదాపుగా ఎనిమిదో తరం నుంచే మొదలు. ఆరు, ఏడు తరాల డబ్బాలు అందుకే ఇప్పుడు కారుచవగ్గా అమ్ముతున్నారు. నెట్ తీసేసి, ఒక్క రికార్డింగ్‌కే వాడుకుంటాననేవాడికి అవీ పనికొస్తాయి. అంత నిగ్రహం నాకు లేదు, రాత్రయితే యూట్యూబ్ చూస్తాను. 2025 చివర్నుంచి ర్యాం ధరలు కొండెక్కి కూర్చున్నాయి కాబట్టి, తర్వాత వేయించుకుందాం అనుకోకుండా 16 జీబీ ఉన్న డబ్బానే వెతకడం మేలు.

కొనేముందు నేను చేసిన ఒక పనికి షాపు కుర్రాడు నవ్వాడు. ఫ్యాన్లు, ఏసీ కాసేపు ఆపమని అడిగి, డబ్బా పక్కన చెవి పెట్టి రెండు నిమిషాలు విన్నాను. మొదటి దాంట్లో ఫ్యాను బేరింగు గరగరమంది. రెండోది పాత హార్డ్ డిస్కుది, టిక్కు టిక్కు. మూడోది తీసుకున్నాను. ఇంటికొచ్చాక మూత విప్పి దుమ్ము ఊది, చిప్పు మీద ఎండిపోయిన థర్మల్ పేస్టు తీసి కొత్తది పూశాం. దానికి రెండు వందలయింది, డబ్బా వయసు రెండేళ్ళు తగ్గింది. అరచేతంత చిన్న డబ్బాలు కూడా ఉంటాయి, వాటిలో 8500టి లాంటి 35 వాట్ల చిప్పులు వేస్తారు. వేడి తక్కువ. కానీ లోపల ఫ్యాను చిన్నది, బరువు పడితే సన్నగా కీచుమంటుంది. గదిలో పక్కనే పెట్టుకునేవాళ్ళు అదీ విని చూసుకోవాలి.

నేను పక్కన పెట్టుకోను. నా డబ్బా పక్కగదిలో ఉంటుంది, ఈసారి అటక మీద. యూఎస్‌బీ 2.0 తీగ ఐదు మీటర్ల దాకా ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది, మామూలు ఇంటర్‌ఫేస్‌కు అది చాలు. గోడకు బెజ్జం వేస్తుంటే ఇంటి ఓనరు గారు వచ్చి, "వరదకు గోడలు నానిపోయాయనుకుంటే మీరు తూట్లు కూడా పొడుస్తున్నారా" అన్నారు. ఖాళీ చేసేటప్పుడు పూడ్పిస్తానని మాటిచ్చాను. లక్షన్నర పెట్టినా రాని నిశ్శబ్దం ఆ బెజ్జంతో వచ్చింది.

లేటెన్సీ అనే భూతం ఒకటుంది, దాన్ని చూపించే షాపువాళ్ళు పెద్ద ప్రాసెసర్లు అమ్ముతారు. మైకులో పాడింది కంప్యూటర్‌లోకి వెళ్ళి తిరిగి చెవికి చేరడానికి పట్టే ఆలస్యం అది. కంప్యూటర్ శబ్దాన్ని చుక్కచుక్కగా తీసుకోదు, గిన్నెలతో తోడుకుంటుంది. ఆ గిన్నె సైజే బఫర్. సెకనుకు 48,000 శాంపిళ్ళ లెక్కన 256 శాంపిళ్ళ గిన్నె నిండడానికి 5.3 మిల్లీసెకన్లు. లోపలికొకటి, బయటికొకటి, వెరసి సుమారు 11. గాలిలో శబ్దం ఆ టైములో పన్నెండు అడుగులు పోతుంది. అంటే గదికి ఆ చివర కూర్చున్న తబలాను వింటూ పాడినట్టు. ఎవరికీ ఇబ్బంది లేదు. అదే 1024 పెడితే వెరసి 43 మిల్లీసెకన్లు, 48 అడుగులు. కళ్యాణమండపంలో స్టేజి మీద పాడుతుంటే మన గొంతు భోజనాల హాలు స్పీకర్‌లోంచి వినపడుతున్నట్టు ఉంటుంది. తాళం తప్పుతుంది. నా పాత డబ్బా 256 దగ్గర చిటపట లేకుండా నిలబడుతుంది.

అయినా గొంతు రికార్డు చేసేవాడికి ఈ లెక్క కూడా అక్కర్లేదు. ఇప్పుడొచ్చే మామూలు ఇంటర్‌ఫేస్‌లలో దాదాపు అన్నిటికీ డైరెక్ట్ మానిటర్ అని ఒక మీటో బుడిపో ఉంటుంది. అది నొక్కితే మైకు శబ్దం కంప్యూటర్ గడప తొక్కకుండానే నేరుగా హెడ్‌ఫోన్స్‌కు వస్తుంది. ఆలస్యం లేదు. కంప్యూటర్ ఎంత ముసలిదైనా పాడేవాడికి తెలియదు. మిక్సింగ్ అప్పుడు గిన్నె పెద్దది చేసుకోవచ్చు, అప్పుడు పాడేవాళ్ళెవరూ ఉండరు కదా. ఇంకా ఆయాసపడితే బరువున్న ట్రాకును ఫ్రీజ్ చేసి, అంటే దాని లెక్కలన్నీ ఒకసారే చేయించి, పక్కన పెట్టడమే. చిటపటలు అప్పటికీ వస్తుంటే కొత్త ప్రాసెసర్ కొనేముందు వైఫై ఆపి చూడండి, పవర్ సెట్టింగ్‌ను హై పర్ఫార్మెన్స్‌లో పెట్టండి, ఇంటర్‌ఫేస్ కంపెనీవాళ్ళ సొంత ఆసియో డ్రైవర్ (విండోస్‌లో శబ్దం ఆలస్యం తగ్గించేది) వేయండి. ఏ డ్రైవర్ మొరాయిస్తోందో లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రాం చూపిస్తుంది. నా దాంట్లో దొంగ వైఫైనే.

ఆపిల్ వాళ్ళ మ్యాక్ సంగతి అడగనివాళ్ళు ఉండరు. 2024 చివర్లో వచ్చిన ఎం4 మ్యాక్ మినీ 16 జీబీతో రూ. 59,900కు విడుదలైంది. చల్లగా ఉంటుంది, చప్పుడుండదు, ఆసియో గోల లేదు, గ్యారేజ్‌బ్యాండ్ అనే రికార్డింగ్ ప్రోగ్రాం ఉచితం. మైకు, ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్స్ అన్నీ కొనేశాక చేతిలో ఇంకా అరవై వేలు మిగిలినవాడు అది కొనుక్కుంటే నేను ఒక్క మాట అనను. ముందు అది కొని, పాటలు ఫోన్ మైకులో పాడేవాణ్ణి మాత్రం చూశాను. దాంట్లో తర్వాత ర్యాం పెంచలేం అన్నది గుర్తుంచుకోవాలి. గుళ్ళకీ చర్చిలకీ తిరిగి రికార్డు చేసేవాళ్ళకు ల్యాప్‌టాప్ తప్పదు. అలాంటివాళ్ళు కూడా పల్చటి దాని జోలికి పోకుండా థింక్‌ప్యాడ్ టీ480 లాంటి లావుపాటి పాత ఆఫీసు ల్యాప్‌టాప్ చూసుకోండి. దానికి లోపలొక బ్యాటరీ, వెనకొక బ్యాటరీ.

డబ్బు నిజంగా పెట్టాల్సిన చోటు గురించి షాపులో ఎవరూ చెప్పరు, ఎందుకంటే వాళ్ళు దాన్ని అమ్మరు. ఎర్తింగ్. నా మొదటి రికార్డింగులన్నిటిలో వెనకాల సన్నగా 'హుమ్మ్' అని ఉండేది. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ శ్రుతే అది. మైకు మార్చాను, తీగలు మార్చాను, ఇంటర్‌ఫేస్ చెడిపోయిందనుకున్నాను. ఒకరోజు ఎలక్ట్రీషియన్ ఫ్యాను రెగ్యులేటర్ బాగు చెయ్యడానికొచ్చి, సాకెట్‌లో టెస్ట్ లాంప్ పెట్టి, "మీ ఇంట్లో మూడో పిన్ను ఉత్సవ విగ్రహం సార్, దానికి ఎర్తే లేదు" అన్నాడు. పెరట్లో గొయ్యి తవ్వి, పైపు దింపి, బొగ్గూ ఉప్పూ పోసి ఎర్త్ పిట్ చేశాడు. అప్పటికి నాలుగు వేలు. ఆ సాయంత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే నిశ్శబ్దం ఎంత లోతుగా ఉందంటే, వైర్ ఊడిందేమోనని చూసుకున్నాను. ఎండాకాలం ఆ గోతిలో నీళ్ళు పోస్తుండాలి. మా ఇంట్లో తులసికోటకూ దానికీ ఒకే చెంబు. చౌక యూపీఎస్‌లూ ఇన్వర్టర్లూ చదరపు తరంగం ఇస్తాయి, కరెంటు పోగానే గుయ్‌మంటాయి. నున్నటి అలలాంటి కరెంటిచ్చే సైన్‌వేవ్‌ది పెట్టుకోవాలి, లేదా కరెంటు వచ్చేదాకా టీ తాగాలి.

తర్వాతది గది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు గారు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు పనిచేసిన చోటు. చిన్నప్పుడు పిల్లల కార్యక్రమానికని బందరు రోడ్డులోని ఆ స్టూడియోకు తీసుకెళ్ళారు. జంట తలుపులు దాటి లోపలికి వెళ్ళగానే నా చెవులు మూసుకుపోయాయనుకుని ఏడ్చానట. వాళ్ళ దగ్గర అప్పట్లో కంప్యూటర్లు లేవు. టేపు, మంచి మైకు, ఆ గది. మనకు అంత గది కట్టే తాహతు లేదు కానీ గుంటూరువాడికి దూది కొరతా? మా అక్క ఇంట్లో అటక మీద పాత పరుపులు రెండున్నాయి, బొంతలకు లెక్కలేదు. పాడేవాడి వెనకొకటి, పక్కలకొకటి నిలబెడితే గోడల గింగురు చాలావరకు చస్తుంది. బట్టల బీరువా తలుపులు తెరిచి దానికి ఎదురుగా పాడినా మేలే. రైళ్ళ కూతలు మాత్రం ఆగవు. నేను అవి వెళ్ళేదాకా ఆగుతాను.

ఒక్క విషయంలో మా మేనల్లుడిదే న్యాయం. వాడు కీబోర్డు మనిషి. వయొలిన్ల గుంపు, సన్నాయి, కంజిర అన్నీ శాంపిల్ లైబ్రరీల్లోంచి, అంటే ముందే రికార్డు చేసి పెట్టిన వాయిద్యాల శబ్దాల్లోంచి వాయిస్తాడు. ఆ లైబ్రరీలు ర్యాంలోకి ఎక్కుతాయి, ఒక్కొక్కటి గిగాబైట్ల కొద్దీ. పది పన్నెండు తెరిస్తే 16 జీబీ నిండిపోతుంది. పైగా వేలు మీటను తాకగానే శబ్దం రావాలి, అక్కడ డైరెక్ట్ మానిటర్ చిట్కా పారదు. చిన్న గిన్నెతో నడవగల చిప్పు కావాలి. సినిమాలకు బ్యాక్‌గ్రౌండ్ చేసే స్నేహితుడొకడు పెద్ద యంత్రమే వాడతాడు, నెల తిరిగేసరికి దాని ఖరీదు సంపాదిస్తాడు కూడా. అంచేత వాడి విషయంలో నేను ఒక మెట్టు దిగాను: పదో తరం ఐ5 ఆఫీసు డబ్బా, 32 జీబీ. గ్రాఫిక్స్ కార్డు దగ్గర మాత్రం దిగలేదు. "వీడియో ఎడిటింగ్‌కు పనికొస్తుంది కదా" అంటే, "పాటే లేకుండా వీడియో ఏం చేస్తావురా" అన్నాను. గేమ్స్ కోసం అని మా అక్క వెనకనుంచి అరిచింది. అదీ అసలు సంగతి.

సాఫ్ట్‌వేర్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రీపర్ అనే రికార్డింగ్ ప్రోగ్రాం అరవై రోజులు ఉచితంగా చూసుకోవచ్చు, ఆ తర్వాత సొంతానికి వాడుకునేవాళ్ళకు లైసెన్సు 60 డాలర్లు. ఒట్టి గొంతుకైతే ఆడాసిటీ చాలు, అది పూర్తిగా ఉచితం. క్రాక్ చేసినవి వేసుకుని, వైరస్ ఎక్కి, పెళ్ళివారి పాట పోగొట్టుకున్నవాళ్ళను ఇద్దరిని ఎరుగుదును.

బ్యాకప్ గురించి మాత్రం చెప్పి తీరాలి. ఇప్పుడు నా పాటలు మూడుచోట్ల ఉన్నాయి. కంప్యూటర్‌లో ఒకటి, బీరువా పైఅరలో ఒకటి. ఆ అర ఇప్పుడు అధికారికంగా డిస్కులదే, చీరలు కిందికి దిగాయి, దాని మీద మా ఇంట్లో ఇంకా చర్చ నడుస్తోంది. మూడోది గుంటూరులో మా అక్క ఇంట్లో. బుడమేరు అక్కడిదాకా రాదు. రెండు నెలలకోసారి పండక్కో పబ్బానికో వెళ్ళినప్పుడు డిస్కు మార్చుకొస్తాను.

కిందటివారం వాడు చివరికి కొన్నాడు. డబ్బా రూ. 26,000. రెండు మైకులు తగిలే ఇంటర్‌ఫేస్, ఒక డైనమిక్ మైకు, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్, స్టాండు, తీగలు కలిపి ఇంకో ముప్పై మూడు వేలు. ఎర్త్ పిట్‌కు ఇప్పుడు ఐదు వేలడిగారట, వాడు బేరమాడకుండా ఇచ్చాడు. లక్షా నలభై రెండు వేలలో సగానికి పైగా చేతిలోనే ఉంది. పరుపులు దించేటప్పుడు మా బావగారు నడుం పట్టేసిందని రెండు రోజులు మంచం దిగలేదు, ఆ ఖర్చు నేను లెక్కలో వేయలేదు.

నిన్న రాత్రి మొదటి పాట పంపాడు. పక్కింటి అమ్మాయి పాడింది. గొంతు శుభ్రంగా ఉంది, హుమ్మ్ లేదు, చిటపట లేదు. రెండో చరణంలో ఎక్కడో దూరంగా ఏదో ఈల. వెంటనే ఫోన్ చేశాడు.

"మావయ్యా, మధ్యలో కుక్కర్ విజిల్ పడింది. ఏ ప్లగిన్ వాడితే పోతుంది?"

"ప్లగిన్ ఎందుకురా, మా అక్కని అడుగు. ఒక్క పది నిమిషాలు పప్పు దించమను."

"అడిగాను. పాటే తర్వాత పాడుకోమంది."